ముందే రాసిన పంచనామా

మా ముత్తాత మోదుగుల నరసింగరావు దేశ్‌పాండ్యా. తిరుమలాయపాలెం చుట్టుపక్కల పద్దెనిమిది ఊళ్ల భూమి లెక్కల దఫ్తరు ఆయన చేతిలో ఉండేది. ఆయన తర్వాత మా తాత రాఘవరావు అదే గద్దె మీద, అదే సిరాబుడ్డి ముందు కూర్చున్నాడు. మా నాన్న రంగారావు కాలానికి దఫ్తరు పోయింది, భూమి పోయింది, పేరు చివరి రావు మాత్రం మిగిలింది. నా వంతుకు వచ్చింది నిటారుగా కూర్చునే అలవాటు, గుండ్రటి చేతిరాత, మూడు తాళాల టేకు పెట్టె ఒకటి.

ఆ పెట్టె సంగతి ముందే చెప్పాలి. ఊళ్ల జనం తమ కాగితాలను గుడ్డలో మూటగట్టి మా ఇంట్లో దాచుకునేవారు. ఆ మూటను బస్తా అనేవారు. బస్తా ముడి మాత్రం సొంతదారే వేయాలి. గొల్లలు గొర్రెను కట్టే ముడి వేసేవారు. సాలెవారు తెగిన నూలును అతికే ముడి, గౌడులు తాడిచెట్టు ఎక్కే మోకు ముడి. ఒకరి ముడి ఇంకొకరికి రాదు కాబట్టి, ఎవరైనా విప్పి మళ్లీ కడితే చూడగానే తెలిసిపోయేది. ఒకసారి పై అధికారి ఒకాయన వచ్చి ఒక గొల్లాయన బస్తా విప్పమన్నాడట. ఆ గొల్లాయన గొర్రెల వెంట అడవికి పోయి ఉన్నాడు. అతను తిరిగి వచ్చేదాకా మా తాత ఆ అధికారిని అరుగు మీద కూర్చోబెట్టాడు. మూడు పూటలు భోజనం పెట్టాడు, నెయ్యి కూడా వడ్డించాడు, ముడి మాత్రం విప్పలేదు.

ఇంతటి వంశంలో పుట్టి నేను కానిస్టేబుల్‌గా చేరాను. ఏఎస్‌ఐగా దిగిపోయాను. మధ్యలో ఎక్కువ కాలం చేసింది స్టేషన్ రైటర్ పని. కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి సలహాలు అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

రైటర్ అనేవాడు

సినిమాల్లో పోలీసులు పరుగెడతారు. మాకూ పరుగులు ఉంటాయి కానీ, ఆ పరుగు జరిగినట్టు లోకానికి తెలిసేది రైటర్ రాస్తేనే. ఫిర్యాదు, వాంగ్మూలం, పంచనామా, అన్నీ అతని చేతి మీదుగానే పోతాయి. దొంగ ఎటు పారిపోయాడో దొంగ మరిచిపోయినా రైటర్ మరిచిపోడు.

పంచనామా అంటే సోదాకు పోయిన చోట ఏం చూశామో, ఏం దొరికిందో ఇద్దరు సాక్షుల ముందు అక్కడే కూర్చుని రాసే కాగితం. నేను రాసిన పంచనామాలకు జిల్లాలో పేరుండేది. తూర్పున ఏముంది, పడమర ఏముంది, తలుపుకు ఎన్ని రెక్కలు, చూరు పెంకుదా రేకుదా, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాణ్ని. కొన్ని ఇళ్లు చూడ్డానికన్నా నా పంచనామాలోనే బాగుండేవి. నా కాగితంలో కొట్టివేత ఉండేది కాదు. రాసిన మాటను గీత పెట్టి కొట్టేయడమంటే నాకు కట్టిన పంచెకు మసి అంటినట్టు ఉండేది.

అక్కడే కూర్చుని రాయాలి అన్నాను కదా. ఇప్పుడు నిజం చెబుతాను. చాలాసార్లు స్టేషన్లోనే ముందుగా రాసుకుని పోయేవాళ్లం. ఎండలో, గోడ మీద కాగితం పెట్టుకుని రాస్తే అక్షరం కుదరదు. అందుకని ముందు రోజే నీడపట్టున కూర్చుని అంతా రాసి, టైమూ వస్తువులూ నింపడానికి ఖాళీలు వదిలేవాణ్ని. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు, నా ముందువాళ్లు నేర్పింది. నేను దానికి అందం తెచ్చాను, అంతే.

సాక్షుల సంగతీ అలాగే ఉండేది. నేను ఎక్కువ కాలం పనిచేసిన స్టేషన్ ఎదురుగా చాయ్ దుకాణం నడిపే ఎల్లయ్య మాకు ఆస్థాన పంచ్, అంటే సాక్షి. రెండో పంచ్ అతని తమ్ముడు. అన్న ఎక్కడ పెడితే తమ్ముడు దాని కిందే సంతకం పెట్టేవాడు.

"దేశ్‌పాండ్యా సాబ్, ఈసారి ఏం దొరికింది?" అనేవాడు ఎల్లయ్య.

"ఇంకా పోలేదయ్యా. పోయినంక దొరుకుతది."

"అట్లయితే సంతకం ఇప్పుడే పెట్టిపోనా? పాలు పొంగుతున్నయ్."

ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వులో తప్పేమీ కనబడలేదు నాకు, చాలా ఏళ్లు.

తాళం ఎందుకు

నా సర్వీసు చివరి ఏడాది భద్రాచలం దాటాక అడవి మొదలయ్యే చోట ఒక స్టేషన్లో పనిచేశాను. ఊరి పేరు రాయను. మా సీఐ భాస్కర్ గారు చెడ్డ మనిషి కాదు. సిబ్బంది ఇళ్లలో పెళ్లయితే ముందు రోజే వచ్చి వంటల దగ్గర నిలబడే రకం. పైనుంచి ఫోన్ వచ్చిందంటే మాత్రం లేచి నిలబడి మాట్లాడేవారు, అవతలివాళ్లకు కనబడదని తెలిసినా.

ఆ ఊళ్లో స్వరూప అనే ఆమె ఉండేది. ముప్పై దాటిన మనిషి. తండ్రి రామస్వామి బొగ్గు బావిలో పనిచేసి రిటైరై, కొత్తగూడెం వైపు నుంచి వచ్చి ఇక్కడ చిన్న ఇల్లు కట్టుకున్నాడు. స్వరూప మొదట ఒక ఆన్‌లైన్ సెంటర్లో పింఛన్లకు వేలిముద్రలు వేయించే పని చేసింది. ముసలివాళ్ల వేలిముద్ర ఎందుకు తీసుకుంటున్నారో వాళ్లకే తెలియడం లేదని ఆ పని మానేసింది. తర్వాత కోయ గూడేల్లో, వారం సంతల్లో తిరుగుతూ ఫోన్‌కు తాళం ఎలా వేసుకోవాలో, వేలిముద్ర అడిగితే ఏమని ప్రశ్నించాలో నేర్పేది. దారిలో ఆపి ఫోన్ విప్పి చూపమంటే కాగితం అడగండి అని ఒక కరపత్రం కూడా వేసింది. అలా ఆపేది మేమే కాబట్టి ఆ కరపత్రం మా టేబుల్ మీదికి వచ్చింది.

"తాళం ఎందుకయ్యా?" అన్నారు సీఐ గారు దాన్ని చదివి. "దాచేటిది ఉంటెనే గద తాళం? మంచోళ్లకు ఏం పని?"

నేను తల ఊపాను. ఆ మాట అంటున్నప్పుడే ఆయన ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మాకు కనబడకుండా ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని వేలితో గీత గీసి లాక్ తీశారు. మెసేజ్‌లు చూడ్డానికి మళ్లీ ఇంకో నంబర్ నొక్కారు. కానిస్టేబుల్ రజిత నావైపు చూసి పెదవులు బిగబట్టుకుంది. పదేళ్ల సర్వీసున్న మనిషి, ఎక్కడ నవ్వకూడదో తెలుసు.

గూడేల వాళ్లు ముప్పై మంది దాకా, తమ ఫోన్లు ఎక్కడెక్కడ ఎవరెవరు లాక్కుని చూశారో స్వరూపకు చెప్పారనీ, ఆమె అవన్నీ తన ఫోన్లో రికార్డు చేసుకుందనీ మాకు తెలిసింది. పైవాళ్లకు కావలసింది ఆ పేర్లు. ఆ పేర్లు చేతికొస్తే ఏమవుతుందో నాకు తెలియనిది కాదు. ఒక్కొక్కరినీ స్టేషన్‌కు పిలుస్తారు. రమ్మని నోటీసు రాసేది నేనే.

ఆమె మీద ఒక కేసు కట్టారు. మర్నాడు ఉదయం సోదా అన్నారు. ఆ మధ్యాహ్నం భోజనం చేశాక, ఫ్యాన్ కింద కూర్చుని, నేను పంచనామా రాశాను. నాలుగు దిక్కులూ, తలుపులూ, గదులూ. ఆ తర్వాత చెయ్యి తిరిగిన మాట ఒకటి: "సదరు మహిళ తన మొబైల్ ఫోన్ లాకును స్వచ్ఛందంగా తీసి మాకు అప్పగించినది." ఫోన్ ఉన్న ప్రతి పంచనామాలోనూ ఈ మాట రాయడం నా అలవాటు. సంతకం లాంటిది.

అక్షరాలు బాగా పడాలి

కొత్త చట్టం వచ్చాక సోదా మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయాలి, తీసినదాన్ని ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. ఆ పని రజితది. రామస్వామి ఇంటి గేటు ముందు జీపు దిగగానే ఆమె వీడియో మొదలుపెట్టింది. నాకు ఒక ఆలోచన వచ్చింది. మేజిస్ట్రేటు గారు ఈ వీడియో చూస్తారు కదా, నా చేతిరాత కూడా చూస్తారు కదా.

"రజితా, కాగితం కూడా తియ్యమ్మా. అక్షరాలు బాగా పడాలి," అని గేటు దగ్గరే ఫైలు తెరిచి పట్టుకున్నాను.

"గిప్పుడే తియ్యాల్నా సార్?"

"వెలుతురు బాగుంది."

ఆమె ఒక క్షణం నా మొహం చూసి, ఫోన్ దగ్గరికి తెచ్చి, పై నుంచి కిందికి నిదానంగా తీసింది. నేను కాగితాన్ని కాస్త వంచి కూడా పట్టుకున్నాను, నీడ పడకుండా. ఆ తర్వాతే తలుపు కొట్టాం.

స్వరూప తలుపు తీసింది. వారంట్ అడిగింది. చూపించాం, నిదానంగా చదివింది. వాళ్లమ్మ కుట్టు మిషను ముందు నుంచి లేవలేదు. రామస్వామి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇంట్లో ఒక లాప్‌టాప్, కరపత్రాల కట్ట, ఒక ఫోన్ దొరికాయి. సీఐ గారు ఫోన్ ఆమె చేతికి ఇచ్చి, "లాక్ తియ్యమ్మా," అన్నారు.

"తియ్య సార్."

"ఏందమ్మా, ఏమున్నదని? మాకు తెల్వని రహస్యమా?"

"మీకు తెల్వదు కాబట్టే అడుగుతున్నరు. కోర్టు చెప్తే అప్పుడు మాట్లాడదాం. దాంట్ల ఉన్నది నా ముచ్చట గాదు సార్, వేరేటోళ్లది. వాళ్లు నన్ను నమ్మి చెప్పిన్రు."

అప్పుడు రామస్వామి అందుకున్నాడు. "సార్, నేను ముప్పై ఏండ్లు బావి దిగిన. దిగేటప్పుడు రోజూ జేబులు తడిమేటోళ్లు. బీడీ ఉన్నదా, అగ్గిపెట్టె ఉన్నదా అని. ఒక్కనాడు కోపం రాలే. ఎందుకంటే లోపట గ్యాస్ ఉంటది, ఒక్క పుల్ల గీస్తే అందరం పోతం. గది నా పానం కోసం తడిమిన చెయ్యి. ఇప్పుడు నా బిడ్డ ఫోన్ తడిమేది ఎవరి పానం కోసం? గదొక్కటి చెప్పుండ్రి, నేనే లాక్ తీపిస్త."

సీఐ గారు వాచీ చూసుకున్నారు. "పెద్దమనిషీ, మా పని జల్దీ కానియ్యి," అన్నారు.

నేను ఖాళీలు నింపి కాగితం స్వరూప ముందు పెట్టాను. ఆమె మొత్తం చదివింది. నా జీవితంలో నేను రాసిన పంచనామాను అంత శ్రద్ధగా చదివింది ఆమె ఒక్కతే. నాకు లోలోపల సంతోషం కూడా కలిగింది.

"రైటర్ సార్, మీ రాత చానా బాగున్నది."

"హైదరాబాదు సర్కారు దఫ్తరు నాటి నుంచి వస్తున్న రాతమ్మా ఇది."

"అవ్ సార్. కానీ గీ లైన్ల నేను లాక్ తీసి ఇచ్చిన అని ఉన్నది. నేను ఇయ్యలే గద. గా లైను కొట్టేయుండ్రి."

ఇక్కడే నేను చేసిన తప్పు. ఒక్క గీత గీసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. అంతే పని. ఆ కాగితం వైపు చూశాను. మూడు పేజీలు, ఒక్క మచ్చ లేదు. మధ్యలో ఒక నల్లగీత ఊహించుకున్నాను. చెయ్యి రాలేదు.

"అది ఊరికే అలవాటుగా రాసే మాటమ్మా. దానికేం కాదు," అన్నాను.

"ఏం కాకపోతే కొట్టేస్తే ఏమైతది సార్?"

కాగితం ఆమె వైపు జరిపి పెన్ను ఇచ్చాను. ఆమె సంతకం పెట్టలేదు. ఫోన్‌ను కవర్లో పెట్టి లక్క వేస్తున్నప్పుడు మాత్రం, "కవరు మూత మీద అడ్డంగ నా సంతకం పెడ్త. ఎవరన్న తెరిస్తే నాకు తెలువాలె," అంది. పెట్టనిచ్చాం. మూతకు ఇటు సగం, అటు సగం పడేలా పెట్టింది. ఆ సంతకం చూస్తుంటే ఏదో గుర్తుకొచ్చినట్టయింది. స్టేషన్‌కు వచ్చి చాయ్ తాగుతుంటే తెలిసింది. అది గొల్లవాళ్ల ముడి.

అదే సాయంత్రం రజిత వీడియోను కోర్టుకు పంపింది. ఆలస్యం చేయవద్దని సర్క్యులర్ ఉంది, ఆమె చేయలేదు. స్టేషన్లో మేమెవరమూ దాన్ని చూడలేదు. ఎవరి పనితనం మీద వాళ్లకు అంత నమ్మకం.

నమూనా కాపీ

స్వరూప తరఫు వకీలు ఆ వీడియో నకలు తీసుకుని చూశాడు. తలుపు కొట్టకముందే, గేటు దగ్గర, ఎండ వెలుతురులో, ఆమె లాక్ తీసి ఇచ్చినట్టు నా ముత్యాల అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి. నీడ కూడా పడలేదు. తన ఫోన్ తెరవకుండా ఆపాలని ఆమె పిటిషన్ వేసింది. మా వాళ్లేమో, వీడియోలో వద్దన్నా అది ఆపాక ఆమే ఇష్టపడి లాక్ తీసింది కాబట్టి ల్యాబ్‌కు పంపి చూడవచ్చన్నారు. రెంటికీ మధ్య ఉన్నది నేను రాసిన ఒక్క లైను. సంజాయిషీ చెప్పమని కోర్టు నన్ను పిలిచింది.

ముందు రోజు సీఐ గారు తన గదిలో కుర్చీ వేయించి నన్ను కూర్చోమన్నారు. ఆయన కుర్చీ వేయించినప్పుడల్లా ఏదో ఉంటుంది.

"దేశ్‌పాండ్యా సాబ్, సింపుల్ ముచ్చట. వీడియోల కనబడ్డది నమూనా కాపీ. అసలుది వీడియో ఆపినంక, ఆమె లాక్ తీసినంక, ఆ ఇంట్లనే కూసొని రాసిన్రు. రెండూ ఒక్క తీరుగ ఉన్నయంటే మీ రాత గట్లుంటది మరి. గింతే."

"నమూనా కాపీ ఏదీ అంటే?"

"చింపేసిన అనుండ్రి. మీకు నాలుగు నెలల్ల రిటైర్మెంటు. ఎందుకు సాబ్ ఈ వయసుల?"

ఆయన బెదిరించలేదు. నిజంగానే నా మేలు కోరి చెప్పారు. ఆ అబద్ధం కూడా బాగా కుట్టిన అబద్ధం, ఎక్కడా పిగిలేది కాదు. ఆ రోజు తిరుమలాయపాలెం ఇంటికి పోయాను. పెట్టెలో ఇంకా పదకొండు బస్తాలు ఉన్నాయి. సొంతదారులు పోయారు, వారసులెవరూ అడగడానికి రాలేదు. ఒక్కటీ ఎవరూ విప్పలేదు. చిన్నప్పుడు నేను ఒకదాన్ని విప్పబోతే మా నాన్న చెంప మీద కొట్టిన సంగతి గుర్తొచ్చింది. అప్పటికే ఆయనకు దఫ్తరు లేదు, భూమి లేదు, అడిగే అధికారి లేడు. అయినా కొట్టాడు. నేను పెట్టె మూసి అన్నం తిన్నాను.

కోర్టులో మేజిస్ట్రేటు గారు మా అమ్మాయి వయసు ఉంటారు. కాగితం పైకెత్తి చూపించారు.

"ఇది మీ చేతిరాతేనా?"

"నాదే మేడమ్."

"ఎప్పుడు రాశారు?"

వెనక సీఐ గారు దగ్గారు. స్వరూప తలెత్తలేదు. ఆమె ఒళ్లో చేతులు ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉన్నాయి. ముప్పై మంది పేర్లు ఆ చేతుల్లో ఉన్నట్టే ఉంది.

"సోదాకు ముందు రోజు, స్టేషన్లో, భోజనం చేశాక."

"ఆమె లాక్ తీసి ఇచ్చిందా?"

"లేదు మేడమ్."

"మరి ఎందుకు రాశారు?"

"అలవాటు."

"ఆమె కొట్టేయమని అడిగినట్టు వీడియోలో ఉంది. ఎందుకు కొట్టేయలేదు?"

"కాగితం పాడవుతుందని."

కోర్టు హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మేజిస్ట్రేటు గారు నవ్వలేదు. నా జవాబును తన చేత్తో రాసుకున్నారు. నేను నిలబడ్డ చోటి నుంచి ఆ కాగితం కనబడుతోంది. అందులో రెండు కొట్టివేతలు ఉన్నాయి.

కోర్టు ఆ ఫోన్ తెరవవద్దంది. కొన్ని వారాలకు అది కవరుతో సహా స్వరూపకు తిరిగి ఇచ్చారు. కవరు ఇచ్చింది నేనే. ఆమె ముందుగా మూత మీది సంతకాన్ని వెలుతురులో పెట్టి చూసుకుంది. సగానికి సగం కలిసే ఉంది. ఆమె మీది కేసు ఇంకా నడుస్తోంది. ఆ ముప్పై మందిలో ఒక్కరికీ నోటీసు రాయవలసిన అవసరం నాకు రాలేదు.

కొత్తగా చేరేవాళ్లకు

ముందే రాసుకుని పోవద్దు. ఎండలో, గోడ మీద పెట్టుకుని, వంకర అక్షరాలతో రాయండి. ఆ వంకర మీరు అక్కడ ఉన్నారనడానికి సాక్ష్యం. కొట్టివేత ఉన్న పంచనామాను కోర్టు నమ్ముతుంది, ఎందుకంటే ఎవరో మీ మాటకు అడ్డుపడ్డారనీ, మీరు విన్నారనీ దాని అర్థం.

లాప్‌టాప్ డిస్కో, పెన్‌డ్రైవో పట్టుకుంటే హాష్ అని ఒక నంబర్ తీయించి కాగితం మీద రాయాలి. లోపల ఒక్క చుక్క మారినా ఆ నంబర్ మారిపోతుందని రజిత నాకు వివరించింది. నేను కొత్త విద్య అనుకోలేదు. మా ఇంట్లో అదే పనిని నూలుదారంతో చేసేవారు.

ఫోన్‌కు తాళం వేసుకున్న ప్రతివాడూ దొంగ అనుకోవద్దు. అనుకుంటే ముందు మీ సీఐ గారి ఫోన్ చూడండి. సోదాకు పోయిన ఇంట్లో ఎవరైనా "ఎవరి ప్రాణం కోసం?" అని అడిగితే, జవాబు ఉండేలా చూసుకుని పోండి. జవాబు లేకపోతే జీపు తిప్పుకుని రావడంలో నామోషీ లేదు.

ఎల్లయ్య ఇప్పుడు ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టడం లేదు. "మీ కోర్టు ముచ్చట విన్నంక నాకు భయం పట్టుకున్నది సాబ్, పాలు పొంగితె పొంగనీ," అన్నాడు మొన్న. భాస్కర్ గారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు తన చాయ్‌లో సగం నా గ్లాసులో పోశారు. నా మీద శాఖాపరమైన విచారణ మొదలైంది. అది తేలేదాకా రిటైర్మెంటు డబ్బు ఆగుతుందన్నారు. ఆగింది. నేను తప్పు రాశాను కాబట్టి ఆ విచారణ మీద నాకు ఫిర్యాదు లేదు.

విచారణ నడుస్తుండగానే ఇంటి ఖర్చుకు ఆ టేకు పెట్టె అమ్మాను. కుసుమంచిలో పాత సామాను కొనే వ్యాపారి ఆటో ట్రాలీలో తీసుకుపోయాడు. అంతకు ముందే పదకొండు బస్తాలనూ వారసులను వెతికి, ముడి విప్పకుండా ఎవరివి వాళ్లకు ఇచ్చేశాను. పెట్టె తాళాలు మూడూ దానితోనే పోయాయి.